కొయ్, గోల్డ్‌ఫిష్‌లకు ఏ మేత? సంచి మీది అంకెలు, కొలనులోని నీళ్లు

కొయ్‌లకు, అంటే పెరటి కొలనుల్లో పెంచే రంగురంగుల కార్ప్ చేపలకు, మేత కొందామని చూసేవాళ్లను ముందుగా కంగారు పెట్టేది సంచుల మీది పేర్లే. ఒకటి ‘గ్రోత్’, ఒకటి ‘కలర్’, ఇంకొకటి ‘వీట్‌జెర్మ్’, పక్కనే ‘ఆల్ సీజన్’. ప్రొటీన్ ఒకదాంట్లో 32 శాతం, మరోదాంట్లో 40, ఇంకోదాంట్లో 48. గోల్డ్‌ఫిష్‌కని విడిగా మరో వరస. ప్రొటీన్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదని ఒకరంటారు. అది వేస్తే నీళ్లు పాడైపోతాయని ఇంకొకరంటారు. ఇద్దరి మాటా నిజమే. ఒకరు చెబుతున్నది ఎదిగే చేపపిల్లల గురించి, వేడి నీళ్ల గురించి, పెద్ద ఫిల్టర్ గురించి. రెండోవారి దగ్గర ఉన్నవి ఎదిగిపోయిన చేపలు, చిన్న కొలను.

ఈ గందరగోళంలో సగం ఒక్క కారణంతో వచ్చిందే. మేత చేపకు నప్పుతుందా అనే చూస్తాం, ఆ నీళ్లు దాన్ని తట్టుకుంటాయా అని చూడం. తిన్నదాంట్లో కొంతే ఒంటికి పడుతుంది. మిగతాదంతా ఏదో ఒక రూపంలో అదే నీళ్లలోకి తిరిగొస్తుంది. కాబట్టి లేబుల్ చదివే ముందు చేప కడుపులో ఏముందో చూడటం మేలు.

జీర్ణాశయం లేని చేప ఎలా తింటుంది

కొయ్, గోల్డ్‌ఫిష్ రెండూ కార్ప్ కుటుంబం చేపలే. కొయ్ నోటికి అటూ ఇటూ రెండు జతల మీసాలుంటాయి, గోల్డ్‌ఫిష్‌కు ఉండవు. పైకి తేడాలున్నా లోపలి ఏర్పాటు ఒకటే. రెండింటికీ జీర్ణాశయం లేదు. గొంతు దాటిన మేత నేరుగా పేగులోకి పోతుంది. మేతను కాసేపు నిలవ ఉంచి ఆమ్లంలో నానబెట్టే సంచి వాటి ఒంట్లో లేదు.

ఆ లోటును తీర్చేవి గొంతు లోపలి పళ్లు, పొడవాటి పేగు. దవడల్లో పళ్లు లేకపోయినా ఈ గొంతు పళ్లతో గట్టి గింజనైనా నూరేస్తాయి. పెద్ద కొయ్ గుళికలు నములుతుంటే గట్టున నిలబడ్డవాళ్లకు కరకరమని వినిపిస్తుంది. అప్పుడే మొప్పల పక్కగా చూస్తే సన్నటి పొడి నీళ్లలోకి జారుతూ కనిపిస్తుంది. ఆ పొడిలో కొంత కింద తిరిగే గోల్డ్‌ఫిష్ ఏరుకుంటాయి. మిగిలింది ఫిల్టర్‌కు వెళుతుంది.

దీనివల్ల రెండు సంగతులు తేలతాయి. మొదటిది అందరూ చెప్పేదే: ఒకేసారి కడుపు నిండా పెట్టడం కన్నా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెడితే ఈ చేపలకు బాగా వంటబడుతుంది. సహజంగా కూడా అవి రోజంతా అడుగు బురదను నోట్లోకి తీసుకుని, తినేది ఉంచుకుని, మట్టి ఊసేస్తూ తిరిగే రకం.

రెండోదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చేపల పొడిలో, అంటే ఫిష్‌మీల్‌లో, ఎముకల నుంచి వచ్చే భాస్వరం ఉంటుంది. దాన్ని కరిగించాలంటే ఆమ్లం కావాలి. జీర్ణాశయం ఉన్న ట్రౌట్ లాంటి చేప దాన్ని చాలావరకు వాడుకుంటుంది. కొయ్‌కి అది అంతగా అందదు. గింజధాన్యాల్లో ఫైటేట్ రూపంలో ఉండే భాస్వరమూ అంతే. వాడుకోని భాస్వరం రెట్టతో బయటికొచ్చి నాచుకు ఎరువవుతుంది. ‘ఎంత మంచి మేత వేసినా నీళ్లు పచ్చబడుతున్నాయి’ అని బాధపడేవాళ్ల కొలనుల్లో ఇదొక కారణం కావచ్చు. అందుకే కార్ప్ కోసం శ్రద్ధగా తయారుచేసే మేతల్లో తేలిగ్గా కరిగే మోనోకాల్షియం ఫాస్ఫేట్ విడిగా కలుపుతారు. లేబుల్ మీద ‘యాష్’, అంటే కాలిస్తే మిగిలే బూడిద శాతం, మరీ ఎక్కువగా ఉంటే ఎముకలు ఎక్కువగా ఉన్న చౌక ఫిష్‌మీల్ వాడారేమో అని అనుమానించవచ్చు.

ప్రొటీన్ అంకె ఎక్కడి నుంచి వస్తుంది

లేబుల్ మీద ఉండేది ‘క్రూడ్ ప్రొటీన్’. దాన్ని నేరుగా కొలవరు. మేతలో నత్రజని ఎంతుందో కొలిచి 6.25తో గుణిస్తారు. సగటున ప్రొటీన్‌లో 16 శాతం నత్రజని ఉంటుందన్న లెక్క మీద ఆ 6.25 వచ్చింది. కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ 1883లో వెలువరించిన పద్ధతి ఇది. బీరు తయారీకి వాడే ధాన్యంలో ప్రొటీన్ చూసుకోవడానికి మొదలైన ఈ లెక్క ఇప్పటికీ చేపల మేత సంచి మీద కూర్చుని ఉంది.

ఈ పద్ధతికి నత్రజని కనిపిస్తే చాలు, అది ఎక్కడిదో పట్టదు. కోళ్ల ఈకలను పొడి చేస్తే అందులో క్రూడ్ ప్రొటీన్ 80 శాతం దాటుతుంది. సరిగ్గా ఉడికించకపోతే చేపకు అందులో వంటబట్టేది తక్కువే. 2007లో పెంపుడు జంతువుల ఆహారంలో, 2008లో చైనా పాలపొడిలో మెలమైన్ కలిపింది ఈ లొసుగు చూసుకునే. మెలమైన్ ప్రొటీన్ కాదు, కానీ నిండా నత్రజని ఉంటుంది. కాబట్టి 40 శాతం అనే అంకె నత్రజని ఎంతో చెబుతుంది, ప్రొటీన్ ఎలాంటిదో చెప్పదు.

వేర్వేరు రకాల మేతలను పోల్చేటప్పుడు తేమను తీసేసి చూడాలి. గడ్డకట్టించిన బ్లడ్‌వర్మ్ అనే ఎర్ర పురుగుల ప్యాకెట్ మీద ప్రొటీన్ 5.5 శాతం, తేమ 90 శాతం అని ఉందనుకోండి. చూడగానే ఇదేం మేత అనిపిస్తుంది. అందులో అసలు పదార్థం 10 శాతమే. ఆ పదిలో 5.5 ప్రొటీన్, అంటే పొడి లెక్కలో 55 శాతం. తేమ 10 శాతం, ప్రొటీన్ 38 శాతం ఉన్న గుళికల్ని అలాగే లెక్కిస్తే 38ని 90తో భాగించాలి, 42 శాతం వస్తుంది. నిజానికి బ్లడ్‌వర్మే గట్టి మేత.

మరి ఎంత కావాలి? ఎదిగిన కార్ప్‌కు 30 నుంచి 38 శాతం మంచి ప్రొటీన్ సరిపోతుందని పెంపకం మీద జరిగిన పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. గుడ్డు నుంచి బయటపడి వేగంగా ఎదిగే పిల్లలకు 40 దాటినా పనికొస్తుంది. అవసరానికి మించి పెట్టిన ప్రొటీన్‌ను చేప దాచుకోలేదు. దాన్ని కాల్చి శక్తిగా వాడుకుని, అందులోని నత్రజనిని ఎక్కువగా మొప్పల గుండా అమ్మోనియాగా వదిలేస్తుంది.

ఒక కొలను లెక్క: 56 గ్రాముల మేత ఏమవుతుంది

6,000 లీటర్ల కొలను ఒకటి తీసుకుందాం. అందులో 40 సెంటీమీటర్ల కొయ్‌లు ఐదు. ఒక్కోటి సుమారు కిలో. 60 గ్రాముల చొప్పున గోల్డ్‌ఫిష్ పది. మొత్తం బరువు 5.6 కిలోలు. వెచ్చటి నీళ్లలో ఎదిగిన చేపలకు రోజుకు ఒంటి బరువులో 1 శాతం మేత అనుకుంటే 56 గ్రాములు.

చేపల పెంపకం ఇంజినీర్లు వాడే ఒక ఉజ్జాయింపు సూత్రం ఉంది. మేత బరువును ప్రొటీన్ భాగంతో, మళ్లీ 0.092తో గుణిస్తే అమ్మోనియా రూపంలో వచ్చే నత్రజని తెలుస్తుంది. 35 శాతం ప్రొటీన్ మేతకు 56 × 0.35 × 0.092, అంటే 1.8 గ్రాములు. 6,000 లీటర్లలో అది లీటరుకు 0.30 మిల్లీగ్రాములు. ఫిల్టర్ అసలు పనిచేయకపోతే ఒక్కరోజులో పేరుకునేది ఇంత. 45 శాతం ప్రొటీన్ మేత అయితే 0.39. అదే 45 శాతం మేతను ‘పాపం, ఆకలిగా ఉన్నాయి’ అని రెట్టింపు వేస్తే 0.77.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. 35 నుంచి 45కు మారితే అమ్మోనియా మూడో వంతు కూడా పెరగలేదు. గుప్పెడు రెండు గుప్పెళ్లయితే మాత్రం రెట్టింపైంది. ప్రొటీన్ శాతం మీద పెట్టే టెన్షన్‌లో సగం కొలత చెంచా మీద పెడితే నీళ్లకు ఎక్కువ మేలు.

ఆ 0.30 ప్రమాదమా కాదా అన్నది పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, తేలుస్తుంది. అమ్మోనియాలో మొప్పలను దెబ్బతీసేది విడి అమ్మోనియా అనే భాగం. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తంలో అది 0.6 శాతమే. పీహెచ్ 8.5 అయితే 15 శాతం. అంటే అదే 0.30 మొదటి కొలనులో 0.002 దగ్గర ఉంటే, రెండో కొలనులో 0.045కు చేరుతుంది. 0.02 నుంచి 0.05 మధ్యకు వచ్చిందంటే పెంపకందారులు జాగ్రత్త పడతారు. పచ్చటి నీళ్లున్న కొలనులో మధ్యాహ్నానికి నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుని పీహెచ్ తనంతట తానే పైకి పోతుంది కాబట్టి, పొద్దున బాగున్న పరీక్ష సాయంత్రం బాగుండకపోవచ్చు.

ఫిల్టర్ బాగా పనిచేస్తే అమ్మోనియా మిగలదు, నిజమే. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. కానీ ఆ పని ఉచితంగా జరగదు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనికి సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్, 7 గ్రాములకు పైగా క్షారత (పీహెచ్ పడిపోకుండా కాచే లవణాలు) ఖర్చవుతాయి. మన 1.8 గ్రాములకు రోజుకు దాదాపు 13 గ్రాముల క్షారత. నెలకు 390 గ్రాములు, అంటే లీటరుకు 65 మిల్లీగ్రాములు. నీళ్లు మార్చకుండా, మెత్తటి నీళ్లు వాడుతూ, గట్టి మేత వేసే కొలనుల్లో ఒకరోజు ఉన్నట్టుండి పీహెచ్ కుప్పకూలడం వెనక తరచుగా ఉండేది ఈ లెక్కే. సంచి మీద ఇది ఎక్కడా ఉండదు.

పదార్థాల జాబితాలో మొదటి పేరు

పదార్థాల పేర్లను సాధారణంగా బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. మొదటి పేరు ఫిష్‌మీల్ అయితే చాలు అనుకుంటాం. ఒక ఉదాహరణ: ఫిష్‌మీల్ 25 శాతం, గోధుమ పిండి 18, గోధుమ పొట్టు 15, వీట్‌జెర్మ్ 10. జాబితాలో మొదట ఉన్నది ఫిష్‌మీలే. గోధుమను మూడు ముక్కలు చేశారు కాబట్టి. కలిపితే గోధుమ 43 శాతం.

అలాగని గోధుమ ఉండటం తప్పు కాదు. పిండి పదార్థాన్ని కార్ప్ బాగానే అరిగించుకుంటుంది, ట్రౌట్ కన్నా ఎంతో మేలు. గుళిక గట్టిగా నిలబడాలన్నా, తేలాలన్నా కూడా పిండి కావాలి. ఎంతుందన్నదే ప్రశ్న. పిండి పదార్థం శాతం లేబుల్ మీద సాధారణంగా ఉండదు, తీసివేతతో తెలుసుకోవాలి. ప్రొటీన్ 36, కొవ్వు 6, పీచు 4, యాష్ 9, తేమ 10 అయితే మొత్తం 65. మిగిలిన 35 పిండి పదార్థం. ఇంకో మేతలో 42, 8, 3, 12, 9 కలిపితే 74, మిగిలేది 26. రెండోదాంట్లో ప్రొటీన్ ఎక్కువే కానీ యాష్ 12. భాస్వరం సంగతి గుర్తుంటే ఇది అంత తేలిగ్గా గెలిచే మేత కాదని తెలుస్తుంది.

కొవ్వు విషయంలో వాదనలు తక్కువ. ఎదిగిన చేపకు 4 నుంచి 10 శాతం మధ్య సరిపోతుంది. అది చేపనూనె లాంటి అసంతృప్త కొవ్వు అయితే చల్లటి నీళ్లలోనూ గడ్డకట్టదు. విటమిన్ సి మాత్రం చూడాల్సిందే. ఎముకల చేపల్లో దాదాపు ఏదీ దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. లోటు ఎక్కువైతే పిల్ల చేపల వెన్ను వంకర పోతుంది. జపాన్‌లోని నిగతా ప్రాంతంలో పెంపకందారులు వేసవంతా కొయ్‌లను మట్టి కుంటల్లో వదిలి, చలి రాకముందే తీస్తారు. అక్కడ పురుగులు, నాచు, బురద కొంత లోటు పూడుస్తాయి. షీటు పరిచి ఫిల్టర్ పెట్టిన పెరటి కొలనులో ఆ సదుపాయం లేదు. సంచిలో లేనిది చేపకు ఇంకెక్కడా దొరకదు. కాబట్టి అక్కడ తేలికపాటి మేతతో నెట్టుకురాగలిగినా ఇక్కడా అదే చాలనుకోలేం.

నీళ్లు చల్లబడితే, నీళ్లు వేడెక్కితే

చేప ఒంటి వేడి నీటి వేడితో పాటే మారుతుంది. నీళ్లు 10 డిగ్రీలు చల్లబడితే ఒంట్లో జరిగే పనుల వేగం ఉజ్జాయింపుగా సగానికి పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర కొన్ని గంటల్లో పేగు దాటే మేత, 10 డిగ్రీల దగ్గర రోజుల తరబడి కదలకపోవచ్చు. అందుకే మేత పెట్టేవాళ్లు క్యాలెండర్ కన్నా నీళ్లలోని థర్మామీటర్‌నే నమ్ముకుంటారు. 20 నుంచి 27 మధ్య ఆకలి పూర్తిగా ఉంటుంది. 15 కిందికి దిగితే తగ్గిస్తారు. 10 దగ్గర చాలామంది ఆపేస్తారు.

అసలు తగువంతా 8 నుంచి 15 డిగ్రీల మధ్యే. ఒక వర్గం 10 దాటి కిందికి పోతే ఒక్క గుళిక కూడా వేయొద్దంటుంది. తిన్నది కడుపులో కుళ్లిపోతుందని వాళ్ల భయం. ఇంకో వర్గం, సహజమైన చెరువుల్లో కార్ప్ చలికాలంలోనూ అడపాదడపా ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటుంది కదా, ఎండ కాసిన మధ్యాహ్నం నాలుగు గుళికలు వేస్తే తప్పేమిటంటుంది. ‘కుళ్లిపోతుంది’ అన్నది కాస్త పెంచి చెప్పే మాటే అనిపిస్తుంది. అయితే ఆపేయమనేవాళ్ల దగ్గర అంతకన్నా బలమైన కారణం ఒకటుంది: చలికి ఫిల్టర్ బ్యాక్టీరియా కూడా మందగిస్తుంది. చేప అరిగించుకున్నా, అది వదిలిన అమ్మోనియాను శుభ్రం చేసే దిక్కుండదు. పైగా మధ్యాహ్నం 12 డిగ్రీలుండి రాత్రికి 5కు పడిపోయే రోజుల్లో, తిన్నది పేగులో ఉండగానే చేప స్తబ్ధంగా అయిపోతుంది. రెండు వర్గాలూ ఒప్పుకునేది ఒకటే: చలిలో ఎక్కువ ప్రొటీన్ ఉన్న మేత కడుపునిండా పెట్టకూడదు.

వీట్‌జెర్మ్ పేరు వినిపించేది ఇక్కడే. గోధుమ గింజలో మొలకెత్తే భాగం అది. విటమిన్ ఇ బాగా ఉంటుంది. చలిలో తేలిగ్గా అరుగుతుందని దానికి పేరు. కొంచెం నిదానంగా చూస్తే, ఆ మేతల్లో ప్రొటీన్ సాధారణంగా 28 నుంచి 32 శాతమే ఉండటం, జనం వాటిని తక్కువగా వేయడం, ఈ రెండే మేలులో పెద్ద వాటా అనిపిస్తుంది. మంచి ఫిష్‌మీల్ కూడా బాగానే అరుగుతుంది. ఇంకో మాట: సంచి ముందు పెద్ద అక్షరాల్లో వీట్‌జెర్మ్ అని ఉన్నా, వెనక జాబితాలో అది ఐదో ఆరో పేరుగా ఉండే మేతలూ ఉంటాయి.

చలి ముందరి నెలల మేత మాత్రం నిజంగా ముఖ్యం. గోల్డ్‌ఫిష్ కాలేయంలో శక్తిని గ్లైకోజన్ అనే పిండి పదార్థం రూపంలో నిల్వ చేసుకుంటుంది. మంచు కప్పిన కొలనులో ఆక్సిజన్ అడుగంటినా అది ఆ నిల్వను కరిగించి, మిగిలే పదార్థాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల గుండా వదిలేస్తూ కొంతకాలం బతకగలదు. అవును, ఆల్కహాలే. కొయ్‌కి అంత ఓర్పు లేదు.

ఏడాది పొడవునా నీళ్లు 20 డిగ్రీలకు దిగని చోట ఈ వీట్‌జెర్మ్ చర్చంతా అనవసరం. అక్కడ సమస్య రెండో కొస. 10 డిగ్రీల నీళ్లు లీటరుకు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచగలవు. 20 దగ్గర 9.1, 30 దగ్గర 7.6 మాత్రమే. వేడికి చేప ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, అరిగించుకునే పనికి అదనంగా ఇంకా కావాలి. రాత్రయితే నాచు, మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకోవడం మొదలుపెడతాయి. చీకటి పడ్డాక భారీగా మేత వేస్తే ఈ అవసరాలన్నీ ఒకే సమయానికి వచ్చి తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరిచి గాలి పీలుస్తుంటాయి. దాన్ని చూసి ఆకలేస్తోందనుకుని ఇంకా మేత వేసేవాళ్లున్నారు. వేడి కాలంలో ఉదయం ఎండ పడ్డాక వేసే మేతకు, రాత్రి వేసే మేతకు మధ్య తేడా రెండు బ్రాండ్ల మధ్య తేడా కన్నా పెద్దది.

రంగు మేతకు ఉన్న హద్దు

ఎరుపు, నారింజ, పసుపు రంగులిచ్చే కెరొటినాయిడ్లను చేప సొంతంగా తయారుచేసుకోలేదు, తినాల్సిందే. లేబుల్ మీద కనిపించే అస్టాజాంథిన్ (ఒక ఎర్రటి కెరొటినాయిడ్), క్రిల్ (రొయ్య లాంటి చిన్న జీవి), స్పిరులినా (నీలి ఆకుపచ్చ నాచు) అందుకే. స్పిరులినాలో ఉండే జియాజాంథిన్‌ను కార్ప్ కుటుంబం చేపలు ఒంట్లోనే అస్టాజాంథిన్‌గా మార్చుకోగలవు. ఆరుబయట పచ్చటి నీళ్లలో పెరిగిన గోల్డ్‌ఫిష్ ఇంట్లో గాజు తొట్టిలో పెరిగినదాని కన్నా ముదురు రంగులో కనిపించడానికి నాచు ఒక కారణం.

కానీ రంగు మేత ఉన్న ఎరుపును నింపుతుంది, లేని చోట పుట్టించలేదు. మచ్చ ఎక్కడుండాలో నిర్ణయించేది వంశం. కొయ్ పెంపకందారులు ‘సుమి’ అనే నలుపు మెలనిన్ వల్ల వస్తుంది, దానికీ కెరొటినాయిడ్లకూ సంబంధం లేదు. తెలుపు మీద ఎరుపు మచ్చలుండే కొహాకు లాంటి రకాల్లో రంగు మేత అతిగా వేస్తే తెలుపు కూడా లేత గులాబీగానో పసుపుగానో మారుతుంది. అందుకే ప్రదర్శనలకు చేపను సిద్ధం చేసేవాళ్లు ఏడాదంతా కాకుండా కొన్ని వారాలు వేసి, తెలుపు చెడుతున్నట్టు అనిపించగానే ఆపేస్తారు. పూర్తి ఎరుపు గోల్డ్‌ఫిష్ మాత్రమే ఉన్న కొలనులో ఈ బెంగ అక్కర్లేదు.

తేలేదా, మునిగేదా

తేలే గుళికను ఎక్స్‌ట్రూడర్ అనే యంత్రంలో చేస్తారు. ఒత్తిడికి, వేడికి ఉడికిన పిండి రంధ్రంలోంచి బయటపడగానే ఉబ్బి లోపల గాలి బుడగలు మిగులుతాయి. మునిగే రకాన్ని చాలావరకు ఆవిరి పట్టి గట్టిగా అదిమి చేస్తారు. పోషకాల్లో తేడా ఉండి తీరాలనేం లేదు. తేలేదాని లాభం ఏమిటంటే, ఎన్ని మిగిలాయో కంటికి కనిపిస్తుంది, ఏ చేప తినడం మానేసిందో కూడా తెలుస్తుంది. చేపల జబ్బును ముందుగా పట్టిచ్చేది చాలాసార్లు ఇదే.

వివాదం ఒరండా, ర్యూకిన్, రాంచు లాంటి గుండ్రటి గోల్డ్‌ఫిష్ దగ్గర వస్తుంది. పైన తేలే మేత తింటూ గాలి మింగడం వల్లే అవి పక్కకు ఒరిగి, తలకిందులై తేలతాయని చాలామంది నమ్మకం. అటువైపు వాదన కూడా బలంగానే ఉంది. ఈ చేపల గాలితిత్తికి గొంతుతో కలిపే గొట్టం ఉంటుంది, ఎక్కువైన గాలిని అవి బయటికి వదలగలవు. పొట్టిగా, గుండ్రంగా అయ్యేదాకా తరతరాలుగా ఎంపిక చేస్తూ పోవడంతో లోపలి అవయవాలు ఇరుకునపడటం, మలబద్ధకం, ఇన్ఫెక్షన్లు కూడా అదే లక్షణం చూపిస్తాయి. మునిగే మేతకు మారాక కొన్ని కోలుకుంటాయి, కొన్నింట్లో ఏ మార్పూ ఉండదు. ఒకే కారణం ఉంటే అలా జరగదు. పొడవాటి కామెట్, షుబుంకిన్ రకం గోల్డ్‌ఫిష్‌లకు ఈ చర్చే లేదు.

కొయ్, గోల్డ్‌ఫిష్ కలిసి ఉన్న కొలనులో తేలడం, మునగడం కన్నా గుళిక సైజే పెద్ద చిక్కు. 6 మిల్లీమీటర్ల గుళిక కొయ్‌కి బాగుంటుంది, చిన్న గోల్డ్‌ఫిష్ దాన్ని నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తూ నానేదాకా ఆగాలి. ఈలోపు కొయ్ లాగేసుకుంటుంది. 3 మిల్లీమీటర్లది ఇద్దరూ తింటారు. ఒకచోట కుప్పగా కాకుండా కొలను అంతా చల్లితే గోల్డ్‌ఫిష్‌కు వాటా దక్కుతుంది.

బఠానీ, పట్టుపురుగు, చెరువుల మేత

పొట్టు తీసి ఉడికించిన బఠానీ, పాలకూర, నారింజ ముక్క అప్పుడప్పుడూ పెట్టే చిరుతిళ్లు, పూర్తి మేత కావు. బఠానీ మలబద్ధకానికి పనిచేస్తుందన్నది ఎక్కువగా పెంచేవాళ్ల అనుభవం నుంచి వచ్చిన మాట, హాని మాత్రం లేదు. బ్రెడ్‌లో దాదాపు పిండి తప్ప ఏమీ ఉండదు. ఎండబెట్టిన పట్టుపురుగు ప్యూపాలను కొయ్‌లు ఎగబడి తింటాయి. వాటిలో కొవ్వు దాదాపు పావు వంతు, అది త్వరగా ముక్కిపోతుంది.

చెరువుల్లో తినే చేపలకు వేసే తేలే మేత చౌక కాబట్టి అది వేస్తే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. కార్ప్ కోసం చేసినదైతే ప్రొటీన్ 25 నుంచి 32 శాతం ఉంటుంది, ఎదిగిన చేపలకు అది దారుణమేమీ కాదు. అయితే చెరువులో సహజ ఆహారం కూడా దొరుకుతుందన్న ధీమాతో చేసిన మేతల్లో విటమిన్లు తక్కువగా ఉండొచ్చు. ట్రౌట్ మేత వేరే కథ. ప్రొటీన్ 40 దాటి, కొవ్వు 20 శాతం చుట్టూ ఉంటుంది. కొయ్‌లు దాంతో గబగబా పెరుగుతాయి, కాలేయంలో కొవ్వు కూడా అలాగే పెరుగుతుంది. వెల్లుల్లి, పుప్పొడి, మట్టి, ప్రోబయాటిక్, బీటా గ్లూకాన్ అని సంచి మీద రాసే వాటిలో రోగనిరోధక శక్తి విషయంలో కార్ప్ మీద బాగా పరీక్షించినవాటిలో ఒకటి, ఈస్ట్ లాంటి వాటి నుంచి తీసే బీటా గ్లూకాన్. మిగతావాటి కోసమే ఎక్కువ డబ్బు పెట్టడానికి పెద్ద కారణం కనిపించదు.

ఎంత సంచి కొంటే సరి

మంచి మేత కూడా తెరిచిన రోజు నుంచి తగ్గుతూ వస్తుంది. చేపనూనె గాలికి ముక్కిపోతుంది, విటమిన్ సి పడిపోతుంది. తడి తగిలితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరవచ్చు. సంచి తెరిచాక మూడు నెలల్లో వాడేయాలన్నది మామూలుగా అనుసరించే లెక్క. మన కొలనుకు రోజుకు 56 గ్రాములంటే నెలకు 1.7 కిలోలు. 5 కిలోల సంచి మూడు నెలలకు సరిగ్గా సరిపోతుంది. 10 కిలోల సంచి కిలో లెక్కన చౌకే, కానీ ఆరు నెలలు వస్తుంది. మధ్యలో చలి వచ్చి మేత తగ్గిస్తే ఇంకా ఎక్కువ కాలం. అంత సంచే కొనాల్సి వస్తే నెలకు సరిపడా విడివిడి కవర్లలో గాలి తీసి మూసి, వాడేది బయట ఉంచి మిగతావి ఫ్రీజర్‌లో పెట్టడం ఒక దారి.

తెరిచిన సంచి ఇంకా బాగుందో లేదో చూడటానికి ముక్కు చాలు. తాజా మేత వాసన చేపలాగో, గోధుమ పిండిలాగో ఉంటుంది. ముక్కిన మేత పాత రంగు డబ్బా మూత తీసినట్టు గుప్పుమంటుంది. గాజు గ్లాసులో కొలను నీళ్లు పోసి పది గుళికలు వేసి ఐదు నిమిషాలు చూస్తే ఇంకొంచెం తెలుస్తుంది. నీటి మీద నూనె తెట్టు ఎక్కువగా పేరుకుంటుందా, అద్దిన రంగు కారుతుందా, గుళిక మెత్తబడినా ఆకారం నిలుపుకుందా, లేక విడిపోయి అడుగున పిండిలా కూర్చుందా. కొయ్ నోట్లో పడేలోపే విడిపోయే గుళిక లేబుల్ మీద ఎంత ప్రొటీన్ చూపించినా, దాన్ని ముందుగా తినేది ఫిల్టరే.